మోకాలెత్తున కట్టిన కెమెరా

కోక్-జార్,
వాగు మీద మంచు విరుగుతున్న రోజులు

బెగిమాయ్ నాన్నగారికి,

కులీపా సలాం చేసి రాస్తున్నది. ఇక్కడ మనుషులమూ మందా అంతా క్షేమం. గొర్రెలు ఈనడం దాదాపు అయిపోయింది. నల్లమూతి గొర్రెకి ఈసారి కవలలు. మీ అమ్మగారికి దగ్గు తగ్గింది, నోరు మాత్రం తగ్గలేదు. అక్కడ మీరూ, మీ వార్డులో మిగతావాళ్ళూ కులాసాగా ఉన్నారనే అనుకుంటున్నాను.

మీ ఉత్తరం వ్యాను డ్రైవరు తెచ్చి ఇచ్చాడు. ఫోన్లో మాట్లాడితే వార్డంతా చెవులు రిక్కిస్తోందని మీరే ఉత్తరాలు రాయమన్నారు. నాకూ అదే నయం, ఫోన్లోనైతే మీరు "ఊఁ" తప్ప ఇంకో మాట అనరు. కాని ఈసారి ఉత్తరంలో అనకూడనివన్నీ అన్నారు. మన గుర్రం తోరుని అమ్మెయ్యమన్నారు. కనుమలో జంతువుల్ని ఫోటో తీసే కెమెరాల పని పూర్తిగా మీతో పనిచేసే ఓస్మోన్‌కే అప్పగించి, అభయారణ్యం ఆఫీసులో ఆ మాట చెప్పెయ్యమన్నారు. కొయ్యకాలు అలవాటయ్యాక నగరంలో మీ తమ్ముడింట్లోనే ఉండిపోయి, ఏదో గోదాము దగ్గర కుర్చీలో కూర్చుని కాపలా కాస్తానన్నారు. కొండల్లో ఒంటికాలి మనిషితో ఎవరికేం పని అన్నారు. దీనికి జవాబు రాస్తాను. ముందు ఫోటోలు చూడండి, ఈలోగా నా కోపం కాస్త చల్లారుతుంది.

కవరులో పైనున్నది కొండమేక ముక్కు. అవును, ముక్కే. గడ్డమూ కొమ్ములూ ఏమీ లేవు, తడిసిన రెండు ముక్కురంధ్రాలు, వాటి పక్కన ఇంత నాలుక. కెమెరా డబ్బాకి ఉప్పు అంటుకుని ఉంటుంది, దాన్ని శుభ్రంగా నాకి పెట్టి పోయింది. దాని కింద ఉన్న రెండు బొద్దు కొండ ఉడతలు ఈమధ్యే బొరియలోంచి లేచి వచ్చినవి. ఒకదాని భుజాలు ఒకటి పట్టుకుని నిలబడ్డాయి చూడండి. ఒక నోరు తెరిచి ఉంది, రెండోది మొహం పక్కకి తిప్పుకుంది. చలికాలమంతా ఒకే బొరియలో పడుకుని ఎవరు ఎక్కువ గురక పెట్టారో తేల్చుకుంటున్నట్టున్నారు. ఇది పక్కమంచం సాదిర్ తాతకి ఇవ్వండి. కిందటిసారి పంపిన నక్కపిల్లల ఫోటో కోసం ఆయనా నర్సమ్మా గొడవపడ్డారని రాశారు కదా. నర్సమ్మకి కొండమేక ముక్కు ఇవ్వండి, ఇంజెక్షన్ల గదిలో తగిలించుకుంటే జనం భయం మరిచి నవ్వుతారు.

ఆ తరవాతది మనూల్ అడవిపిల్లి. ఆ గుండ్రటి మొహం, ఆ చదును చెవులు, ప్రపంచంలో ఎవరూ ఏ పనీ సరిగ్గా చెయ్యడం లేదన్న ఆ చూపు ఎవరివో నేను చెప్పనక్కర్లేదు. బెగిమాయ్ దీన్ని బడికి పట్టుకెళ్ళి "మా నానమ్మ" అని అందరికీ చూపించింది. ఆ సంగతి తెలిసి మీ అమ్మగారు ఫోటో లాక్కుని, కళ్ళజోడు పెట్టుకుని, చాలాసేపు చూశారు.

"కళ్ళు నావే. మీసాలు మాత్రం మీ అమ్మవి" అన్నారు నాతో.

ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఫోటోలు చూడ్డానికి టీ వేళకి రోజూ వస్తున్నారు. వెన్న డబ్బా అడుగంటింది. ఫోటోలు మాత్రం చేతులు మారి మారి అంచులు మెత్తబడ్డాయి, మీకు పంపడానికి మళ్ళీ కొత్తవి తీయించాల్సి వచ్చింది.

ఇంకో నక్క ఫోటో ఉంది, కాస్త ఆగి చూడండి. దాని నోట్లో ఉన్నది ఎలకా కాదు, పిట్టా కాదు. మీ ఎడమచేతి తొడుగు. అంచున నేను కుట్టిన ఎర్ర దారం కనిపిస్తోంది. మీరు తోరు మీంచి పడ్డరోజు ఆ మంచులో అదెక్కడ పోయిందో మనకెవరికీ గుర్తులేదు. అది దానికి దొరికింది. ఎంత గర్వంగా తల ఎత్తుకుని పోతోందో చూడండి, పెళ్ళికి కట్నకానుకలు మోసుకెళ్తున్నట్టు. మొదట చూడగానే నవ్వాను. తరవాత కుడిచేతి తొడుగు పెట్టెలోంచి తీసి ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను. దాని పిల్లలు ఇప్పుడు మీ తొడుగులోనే పడుకుంటున్నాయని అనుకుంటే కొంచెం ఊరటగా ఉంది.

ఇక తోరు సంగతి. మీ మాట ప్రకారం, గుర్రాల్ని మాంసానికి కొనే తాష్తాన్‌కి కబురు పెట్టాను. వచ్చాడు. తోరు చుట్టూ తిరిగి, పక్కటెముకలు నొక్కి చూసి, పెదవి విరిచాడు.

"ఇదేంటి కులీపా, రాళ్ళు తిని పెరిగిందా? మాంసం కంటే ఎముకే ఎక్కువుంది."

మీ అమ్మగారు అరుగు మీద ఉన్ని దువ్వుతున్నారు. తల ఎత్తకుండానే అన్నారు:

"నువ్వు వెన్న తిని పెరిగావు కదరా. నిన్ను కోస్తే ఎన్ని ఊళ్ళకొస్తావో ముందది లెక్క చూసుకుందాం రా."

"అది కాదు పెద్దమ్మా, నీ కొడుకే అమ్మమన్నాడట కదా."

"నా కొడుక్కి కాలు పోయింది, బుద్ధి ఎక్కడికి పోయిందో కనుక్కుంటున్నాం. గుర్రం ఎక్కేది ఏ కాలితోరా?"

"ఎడం కాలితో."

"వాడికి పోయింది ఏ కాలు?"

తాష్తాన్ టీ తాగి, రెండు బూరెలు తిని, వాళ్ళ పెద్దకోడలు మీద చాడీలు చెప్పి వెళ్ళిపోయాడు. తోరు ఇంకా మన దొడ్లోనే ఉంది. మీ మాట దాటినందుకు నన్ను తిట్టుకోండి. కాని ఆ రోజు ఖాళీ జీనుతో ఇంటికొచ్చి, గుమ్మం ముందు నిలబడి, లోపలికి తోలినా పోకుండా మళ్ళీ కొండవైపే తిరిగి నిలబడింది ఆ గుర్రమే. అది దారి చూపకపోతే మనవాళ్ళకి మీరు పొద్దు వాలేలోగా దొరికేవారు కాదు. కాలు తీసుకుంది అదే అంటారు మీరు. కాలు తీసుకున్నది మంచు. మిమ్మల్ని తెచ్చి ఇచ్చింది తోరు. దాన్ని మాంసం బేరానికి నేను అప్పగించలేను.

ఇక ఓస్మోన్ మీద మీ ఫిర్యాదు. ఇన్ని ఫోటోలు చూసి మీ కంటికి ఆనింది అదొక్కటే. "కెమెరా మోకాలెత్తున కట్టాలని వాడికి ఎన్నిసార్లు చెప్పాను? మరీ కిందికి కట్టాడు, కొండమేకల గడ్డాలు అడుగునుంచి కనిపిస్తున్నాయి, జంతువులన్నీ మేడల్లా నిలబడ్డాయి. వాడు నాకంటే పొడుగు, ఎప్పుడు కుంగాడు?" అని రాశారు.

మోకాలు అన్న మాట ఈ ఇంట్లో మేమెవరమూ అనడం లేదు. డాక్టరు మీ కుడికాలు మోకాలి పైదాకా తీసేశాక, బెగిమాయ్ బడిలో పడి మోకాలు గీరుకున్నా కాలు గీరుకుందనే చెప్పింది. మీ అమ్మగారికి మోకీళ్ళ నొప్పులున్నా నడుంనొప్పి అని మూలుగుతున్నారు. ఆ మాట మీరే మీ చేత్తో రాసేసరికి నాకు చాలా తేలికైంది. అందుకే ఇప్పుడు చెప్తున్నాను.

ఓస్మోన్ కుంగలేదు. ఓస్మోన్ ఇక్కడ లేనే లేడు. మీరు ఆస్పత్రిలో చేరిన కొన్నాళ్ళకే రష్యాలో తాపీపనికి వెళ్ళిపోయాడు. మీకు చెప్పొద్దని నేనే వాళ్ళింట్లో అందర్నీ బతిమాలుకున్నాను. కెమెరాలు చూసేవాళ్ళు లేరంటే ఆ పని ఎవరికో పోతుంది, అది తెలిస్తే మీరు గోడవైపు తిరిగి పడుకుంటారు. అందుకని నేనే వెళ్తున్నాను, తోరు మీద, తెకె-బెల్ కనుమ దాకా. ఓస్మోన్‌కి జలుబు చేసిందని, బ్యాటరీలు తడిపేశాడని, నన్ను తిట్టాడని రాసినవన్నీ నేనల్లినవి. జలుబు చేసింది నాకు. కెమెరాలు నా మోకాలి ఎత్తున ఉన్నాయి. నేను వానలో గొడుగు లేకుండా మీ చంక కింద నిలబడగలిగే మనిషినని మీరే అంటారు కదా, మరి నా మోకాలు ఎంత ఎత్తుంటుంది?

మొదటిసారి వెళ్ళినప్పుడు ఎంత భయపడ్డానో చెప్తే మీరు నమ్మరు. మీరు పడిన మలుపు దగ్గరకొచ్చేసరికి తోరు ఆగిపోయింది. అదిలించాను, బతిమాలాను, కదల్లేదు. దిగి చూస్తే దాని కాళ్ళు వణుకుతున్నాయి. దాని మెడ పట్టుకుని అక్కడే నిలబడి గట్టిగా ఏడ్చాను, అక్కడ వినడానికి కాకులు తప్ప ఎవరున్నారు. తరవాత కళ్ళెం పట్టుకుని నేను ముందు నడిచాను, అది నా వెనక నడిచింది. ఇప్పటికీ ఆ మలుపు దగ్గర నేను దిగుతాను, ఇద్దరం నడిచే దాటుతాం. మీ అమ్మగారికి అన్నీ తెలుసు. తెల్లవారి జీను బిగించేది ఆవిడే. "వాడికి ఇప్పుడే చెప్పకు. నడుస్తున్నాడని రాశాక చెప్పు" అన్నారు. రెండు కర్రల మధ్య గది అంతా నడిచానని మీరు కిందటి ఉత్తరంలో చివర ఎక్కడో, ముఖ్యం కాని సంగతిలా రాశారు. మేం ముగ్గురం ఆ ఒక్క వాక్యం ఎన్నిసార్లు చదువుకున్నామో.

ఇప్పుడు అడుగున ఉన్న రెండు ఫోటోలు తియ్యండి.

ఒకటి మంచు చిరుత. నడుస్తూ నడుస్తూ తన తోక తనే నోట కరుచుకుని కెమెరావైపు చూసింది. వెనక రాతి చాటున ఇంకో రెండు చెవులు కనిపిస్తున్నాయి, పిల్లదో ఏమో. ఇది మనం "వదిన" అని పిలుచుకునే చిరుతేనా? శరత్కాలం నుంచి కనిపించలేదని, బతికుందో లేదోనని మీరు పడుకునేముందు కూడా తలుచుకునేవారు. తోక మీద మచ్చలు చూసి ఇది ఫలానా అని మీరు ఇట్టే చెప్తారు. నేను దీపం దగ్గరా, ఎండలోనూ, భూతద్దంతోనూ చూశాను. నాకు అన్ని చిరుతలూ ఒకేలా కనిపిస్తున్నాయి, పెళ్ళిలో మీ చుట్టాల్లాగే. వదినైతే వదిన అని ఒక్క ముక్క రాయండి. నేను కొండెక్కి ఫోటోలు తేగలను గాని ఎవరు ఎవరో నాకెలా తెలుస్తుంది? కనుమలో ఎవరు బతికున్నారో, ఎవరి పిల్లలు ఎవరో చెప్పే మనిషి గోదాము ముందు కుర్చీలో కూర్చుంటే నేను ఎవర్ని అడగను?

రెండో ఫోటో వార్డులో ఎవరికీ చూపించకండి. సాదిర్ తాతకి అసలే వద్దు.

పెళ్ళైన ఏడాది మీరు నన్ను కనుమకి తీసుకెళ్ళింది గుర్తుందా? కెమెరా కట్టి, అది పనిచేస్తోందో లేదో చూడాలని దాని ముందు చిరుతలా పాకారు. నేను నవ్వి నవ్వి మంచులో కూలబడితే ఊరు చేరేదాకా మీరు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు ప్రతిసారీ నేనూ అలాగే పాకుతున్నాను. ప్రతి కెమెరాలోనూ మొదటి ఫోటో నాదే. ఇన్నాళ్ళూ అవన్నీ తీసేసి మిగతావి పంపాను. ఇది మాత్రం ఉంచాను. మీ తోలు టోపీ కళ్ళమీదికి జారి, ముక్కు ఎర్రగా కంది, నోట్లో పొరపాటున కొరడా పట్టుకుని ఉన్న ఈ జంతువు ఏమిటో మచ్చలు చూడకుండానే మీరు పోల్చుకుంటారు. ఇది ఈ కొండల్లో మాత్రమే ఉంటుంది. నగరానికి తీసుకొస్తే బతకదు. జోడు లేకుండా ఎన్నాళ్ళుంటుందో కూడా చెప్పలేను.

పచ్చిక రాగానే మందని పై కొండకి తోలాలి. గుడారం ఈసారి వాగుకి దగ్గరగా, చదునుచోట వేద్దామని మీ అమ్మగారన్నారు. ఎందుకని నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. కొయ్యకాలు బిగించడం నాకు నేర్పమని డాక్టరుకి చెప్పండి. నర్సమ్మకి ఎండు పెరుగుండలు పంపాను, దాచుకుని మీరే తినెయ్యకండి. ఆఫీసులో నేనేమీ చెప్పలేదు, చెప్పను కూడా. కెమెరాలు కింద కట్టానని కోపమొస్తే ఇంటికొచ్చి తిట్టండి, ఎంత ఎత్తున కట్టాలో మీరే వచ్చి చూపించండి. మీకింకా ఒక మోకాలుంది. కొలవడానికి ఒకటి చాలు.

ఇట్లు,
తోరుతో పాటు గుమ్మంలో ఎదురుచూస్తున్న
మీ బెగిమాయ్ అమ్మ