అడగకుండా మొక్కిన మొక్కు

పోఖరా, నేపాల్, మంగళవారం

లోహిత నాయనకు పంకజాక్షి నమస్కారాలు. ఇక్కడ నేనూ, చెల్లెలు రేవతీ, మా బడి గ్రేసీ కులాసా. తిరుపతిలో మీరూ, అమ్మాయీ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మన వీధి మునిరత్నం రేపు విమానంలో వచ్చేస్తున్నాడు, ఈ ఉత్తరం అతని చేతికిస్తున్నాను. ఫోనులో చెబితే మధ్యలోనే అరుస్తారు. కాగితమైతే చివరిదాకా చదవక తప్పదు.

నా సంచిలో మీరు పెట్టిన చీటీకి జవాబులు. బీపీ మాత్ర మరవలేదు. స్వెట్టరు విప్పలేదు. ముక్తినాథ్ గుడిలో నీటి ధారల కింద తడిసినా జలుబు చేయలేదు. "బస్సు వదిలి ఎక్కడికీ పోవద్దు" అని రాసి కింద రెండు గీతలు గీశారే, దానికి జవాబు కొంచెం పెద్దది.

తిరుగుదారిలో మార్ఫా అనే ఊళ్ళో టీకి దిగాము. అక్కడ మిద్దెల మీద ఆపిల్ ముక్కలు ఎండబెట్టి ఉన్నాయి, మనం మామిడి ఒరుగులు పెట్టుకున్నట్టు. చూద్దామని ఒక సందులోకి వెళ్ళి వచ్చేసరికి బస్సు లేదు. మా సీట్లలో దుప్పట్ల కుప్పలు చూసి, ముగ్గురం ముసుగు తన్ని పడుకున్నామనుకుని గైడు బండి కదిలించాడట. మా ఫోన్లూ ఆ దుప్పట్ల కిందే.

రోడ్డు పక్కన నిలబడి, అలిపిరిలో ఆటోకి ఊపినట్టు చెయ్యి ఊపాము. కార్లలో వాళ్ళు నవ్వుతూ తిరిగి చెయ్యి ఊపి పోయారు. ఎండ దిగి చలిగాలి మొదలైంది. పై వారం అమ్మాయి నిశ్చితార్థం, నేనేమో ఆ కొండల్లో. నిజంగానే భయం వేసింది.

"అక్కా, యాడా బండి నిలబడేటట్టు లేదు. స్వామికి మొక్కుకో. నేను మెట్లెక్కి వస్తానని మొక్కినాను" అంది రేవతి. గ్రేసీ అప్పటికే ప్రార్థనలో ఉంది, ఒక కన్ను మాత్రం రోడ్డు మీదే.

నేనూ మొక్కాను. అయిదు నిమిషాల్లో ఆపిల్ లారీ ఒకటి ఆగింది. డ్రైవరూ, అతని భార్యా సర్దుకుని మమ్మల్ని ముందు సీట్లోనే కూర్చోబెట్టారు. ఆమె తలా ఒక పండు ఇచ్చింది. ఒకరి భాష ఒకరికి రాకపోయినా గ్రేసీకీ, ఆమెకీ దారంతా కబుర్లే. మా బస్సు భోజనాలకు ఆగిన చోట దిగాము. గైడు మమ్మల్ని చూసి, బస్సులోకి చూసి, మళ్ళీ మమ్మల్ని చూశాడు. ముప్పై ఐదేళ్ళు పిల్లల్ని వరసలో నిలబెట్టిన టీచరమ్మని, వరస తప్పితే ఇంత సంతోషంగా ఉంటుందని ఇప్పుడే తెలిసింది.

ఇక అసలు సంగతి. నేను మొక్కింది మీ గుండు.

కోప్పడకండి. నా జడలో ఇవ్వడానికి ఏముంది, ఎలక తోక. మన ఇంట్లో జుట్టంటే మీదే. అరవై రెండేళ్ళకీ ఒత్తుగా, నల్లగా, రోజూ అద్దం ముందు అరగంట. "మొక్కేది నువ్వు, గుండు బావకా అక్కా?" అని రేవతి అప్పుడే అడిగింది. ఊరు చేరిన మర్నాడే తీరుస్తానని కూడా నోరు జారాను.

నిశ్చితార్థం ఫోటోలంటే మీకెంత ఆశో నాకు తెలుసు. కొత్త కోటు కూడా కుట్టించుకున్నారు. అందుకే ఒక నిర్ణయానికి వచ్చాను. కల్యాణకట్టలో మీ పక్కనే నేనూ కూర్చుంటాను. ఫోటోలో ఇద్దరం ఒక్కలాగే ఉంటాము. అమ్మాయికి అప్పుడే చెప్పకండి, నేను వచ్చి చెబుతాను.

ఈ ఆదివారం జుట్టుకు రంగు వేసుకోకండి. ప్యాకెట్టు దండగ.

ఇట్లు,
మిమ్మల్ని అడగకుండా మీ తల ఇచ్చేసిన
మీ పంకజాక్షి