పెట్టెలో ఉన్నది మా అక్క కాదు

తనిఖీ అధికారి గారికి,
విమాన సరుకుల గిడ్డంగి.

అయ్యా,

విషయం: మా ల్యాబ్‌కు వచ్చిన ప్రోటీన్ పెట్టె తాలూకు రికార్డులో 'మూలవ్యక్తి'గా నమోదైన మా అక్క పేరును తొలగించుట గురించి.

హార్మోన్ల మీద పరిశోధన జరిగే ఒక ల్యాబ్‌లో నేను సహాయకురాలిని. తమకు సవినయంగా విన్నవించుకొనునది ఏమనగా:

1. మాకు వచ్చిన థర్మాకోల్ పెట్టెను తమ సిబ్బంది నిలిపివేసినారు. కారణం, దాని మీది చీటీలో "రీకాంబినెంట్ మానవ రిసెప్టర్ ప్రోటీన్, పరిశోధనకు మాత్రమే" అని ఉండుట. మన ఒంట్లో హార్మోన్‌ను పట్టుకొని కణం లోపలికి కబురు అందించే ప్రోటీన్‌ను రిసెప్టర్ అంటారు. రీకాంబినెంట్ అనగా ఏ మనిషి ఒంట్లోంచీ తీసినది కాదు. మనిషి జన్యువుకు నకలు తయారుచేసి, దానిని పురుగు కణాలలో పెట్టి, వాటి చేత ఆ ప్రోటీన్ చేయించి, శుద్ధి చేసి పంపుతారు. ఇదంతా తమ గుమాస్తా గారికి చెప్పాను. ఆయన మర్యాదస్తుడే. కుర్చీ చూపించి, ఓపిగ్గా విన్నారు.

"అంతా బానే ఉందమ్మా. మానవ అని రాసుంది కదా, ఆ మానవుడెవరు?"

"ఎవరూ లేరండీ."

"ఎవరూ లేకుండా ఎలా వస్తుందమ్మా? బతికున్న మనిషైతే ఒప్పుకోలు పత్రం, పోయిన మనిషైతే మరణ ధ్రువపత్రం. ఏదో ఒకటి పడితేగానీ ఫైలు కదలదు."

2. మా అక్క అంతకు ముందు వారమే పోయింది. బట్టలు కుట్టేది. మెదడులో నరం చిట్లి, మిషను మీదే వాలిపోయింది. ఆమె ఫోన్ కనెక్షన్ రద్దు చేయించడానికి ధ్రువపత్రం నా ఫైలులో పెట్టుకొని తిరుగుతున్నాను. గుమాస్తా గారు ఫైలు తిరగేస్తూ దానిని చూసి, "ఇదిగో, ఉంది కదమ్మా! ముందే ఇస్తే పోయేది" అని లాగి, ముద్ర వేసేశారు. కాదని చెప్పవలసినది. నోరు తెరిచాను కూడా. ఆ రోజుల్లో ఎవరేమన్నా నాకు పక్క గదిలో మాట్లాడుతున్నట్టు వినిపించేది. "ఇక్కడ సంతకం" అన్నారు. పెట్టాను.

3. పెట్టె విడుదల కాలేదు సరికదా, 'మానవ అవశేషములు' అను వేరొక విభాగానికి బదిలీ అయినది. ఈలోగా చల్లదనానికి పెట్టెలో పెట్టిన డ్రై ఐస్ అంతా ఆవిరైపోయింది. వేడి తగిలితే ఆ ప్రోటీన్ రూపు చెడిపోతుంది. ఇక హార్మోన్ వచ్చి ఆనినా పట్టుకోదు. మా సార్ మళ్ళీ తెప్పిద్దామన్నారు. దాని మీద నాకు ఫిర్యాదు లేదు.

4. ఫిర్యాదు దీని గురించి. ధ్రువపత్రం మీది చిరునామాకు, అనగా మా ఇంటికి, తమ కార్యాలయం లేఖ పంపినది: "మృతురాలి దేహ సంబంధిత పదార్థమును బంధువులు స్వాధీనపరచుకొననిచో, నిబంధనల మేరకు దహనము చేయబడును." దానిని మా అమ్మ చదివింది. నేను ఇంటికి చేరేసరికి చెప్పులు వేసుకొని గుమ్మంలో కూర్చుని ఉంది.

"అక్కని ఇంకా అక్కడే ఉంచారంట కదే. నాకెందుకు చెప్పలేదు?"

"అది అక్క కాదమ్మా. ల్యాబ్ సరుకు. మనిషి నుంచి తీసింది కాదు."

"పేరుంది కదే. ఆఫీసువాళ్ళు ఊరికే రాస్తారా?"

5. మరునాడు అమ్మను వెంటబెట్టుకొని గిడ్డంగికి వచ్చాను. కాపలా ఆయన దయ తలచి పెట్టెను బల్ల మీద పెట్టి, మూత తీశారు. లోపల వేలి కణుపంత సీసాలు. అమ్మ ఒకదానిని తీసి, వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది. నేను గోడ మీద అగ్నిమాపక సూచనలు చదువుతూ నిలబడ్డాను.

"ఇది అది కాదే," అంది చివరికి.

కాదన్నాను.

"ఎవరి బిడ్డో పాపం. ఇంట్లోవాళ్ళకి తెలుసో లేదో." సీసాను జాగ్రత్తగా దాని చోట పెట్టి, కాపలా ఆయన చెయ్యి పట్టుకుంది. "బాబూ, వీళ్ళవాళ్ళకి కబురు పెట్టండి. అప్పటిదాకా తగలబెట్టకండి."

ఆయన నా వైపు చూశారు. తరువాత, "అలాగేనమ్మా" అన్నారు.

కావున తమరు దయతో రికార్డులో మా అక్క పేరు కొట్టివేయించి, ధ్రువపత్రం అసలు ప్రతిని తిరిగి ఇప్పించి, ఇకపై మా ఇంటికి లేఖలు రాకుండా ఆదేశించగలరు. గడి ఖాళీగా వదలరాదన్నచో "ఎవరూ లేరు" అని రాయగలరు. పెట్టెను దహనం చేయుటకు మా ల్యాబ్‌కు అభ్యంతరం లేదు.

ఈ మనవిని చిత్తగించి, తగు ఉత్తర్వు దయచేయవలెను.

తమ విధేయురాలు,
ల్యాబ్ సహాయకురాలు

మరొక మాట: పెట్టెలోని మనిషి తాలూకు వాళ్ళు వచ్చారా అని అమ్మ రోజూ అడుగుతోంది. వచ్చారని నిన్న చెప్పేశాను. నమ్మినట్టు లేదు. మీ లేఖ మీద ఫోన్ నంబరు ఉంది, తనే చేస్తుంది. ఎవరు ఎత్తినా సరే, "వచ్చి తీసుకెళ్ళారమ్మా" అని ఒక్క ముక్క చెప్పమనండి. ఎవరొచ్చారని అడిగితే చెల్లెలు వచ్చిందని చెప్పండి. బాగా ఏడ్చిందని చెప్పండి.