ఆఖరి పేజీ పంపగలరు

మధురానగర్,
జూన్ 3.

దీపకాంతి తపాలా బైబిల్ పాఠశాల నిర్వాహకులకు,
నమస్కారం.

నా పేరు విహారి. మీరిచ్చిన విద్యార్థి నంబరు 2217. వృత్తి సినిమా రచన, అంటే నేను రాస్తాను, తెర మీద పేరు ఇంకొకరిది పడుతుంది. జూబ్లీహిల్స్‌లో మా డైరెక్టరు అరవింద్ గారి ఆఫీసులో రోజూ నలుగురం కూర్చుని ఒకే కథను పది రకాలుగా చెప్పుకుంటూ ఉంటాం. కొత్త సినిమాలో హీరో స్నేహితుడు పాస్టరు గారబ్బాయి. "వాడు నోరు తెరిస్తే పాస్టరు గారబ్బాయే అనిపించాలయ్యా. పది రోజుల్లో అదంతా నేర్చుకుని రా" అన్నారు డైరెక్టరు గారు. మాది తణుకు. చిన్నప్పుడు పక్కింటివాళ్లు పంపిన క్రిస్మస్ కేకు తప్ప నాకు ఇందులో ఇంకేమీ తెలియదు. ఫిల్మ్ నగర్‌లో మేం వెళ్లే డబ్బింగ్ థియేటర్లో లీల గారని ఉన్నారు, హీరోయిన్ల తల్లులకు గొంతు ఇస్తారు. నా అవస్థ విని, ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి మీ కరపత్రం తీసి నా చేతిలో పెట్టారు. ఉచితం అని రాసి ఉంది, చేరిపోయాను.

మీరు పంపిన మొదటి పాఠం, లూకా సువార్త చిన్న పుస్తకం అందాయి. తప్పిపోయిన కుమారుడి కథ మీద ప్రశ్నలకు జవాబులు రాసి దీనితో పెడుతున్నాను, ఒక్క ఏడో ప్రశ్నకు తప్ప. తమ్ముడు ఆస్తంతా తగలేసి, పందులు మేపి, సిగ్గుపడుతూ ఇంటికొస్తాడు. తండ్రి విందు పెడతాడు. పొలం నుంచి వచ్చిన అన్న అలిగి గుమ్మం బయటే నిలబడతాడు. తండ్రి బయటికొచ్చి బతిమాలతాడు. సరిగ్గా అక్కడ మంచి పట్టులో ఉండగా, పేజీ తిప్పితే వేరే ఎవరిదో కథ మొదలైంది. మీ ఏడో ప్రశ్నేమో "అన్న లోపలికి వెళ్లాడా?" అని. నా కాపీలో ఆ పేజీ లేదు. దయచేసి కొరియర్లో పంపగలరు.

భవదీయుడు,
విహారి.

తా.క.: మీ ఆఫీసు వెంగళరావు నగర్‌లోనే ఉంది కదా, మా గదికి నడిచి వచ్చే దూరం. రమ్మంటే నేనే వచ్చి పేజీ పట్టుకెళ్తాను. టీ కూడా అక్కర్లేదు.


వెంగళరావు నగర్,
జూన్ 10.

ప్రభువునందు ప్రియులైన 2217 గారికి,
వందనములు.

మీ జవాబు పత్రము అందినది. ఇరవైకి పంతొమ్మిది మార్కులు వచ్చినవి. ఏడవ ప్రశ్నకు జవాబు రాయనందున ఒక మార్కు తీసివేయడమైనది. మా జవాబుల కాగితము ప్రకారము సరైన జవాబు: "వెళ్లలేదు."

మీ ప్రతిలో పేజీ లోపించినందుకు చింతిస్తున్నాము. కొత్త ప్రతి పంపుతున్నాము. మీరు ఇక్కడికి రాకూడదు. దిద్దేవారు, విద్యార్థులు ఎదురుపడరాదన్నది పాఠశాల పెట్టిన నాటి నియమము. మేము నంబరు చూసి దిద్దుతాము, పేరు కూడా చూడము. ముఖము చూసి మార్కు వేసే పద్ధతి మా వద్ద లేదు. కొరియరు సౌకర్యము లేదు. వాట్సాప్‌లో పంపిన జవాబులు చూడబడవు.

ఇట్లు ప్రభువు సేవలో,
అరుణజ్యోతి,
జవాబులు దిద్దు విభాగము.

తా.క.: "మేము" అని రాశాను గానీ ఈ విభాగములో నేను ఒక్కదాననే.


మధురానగర్,
జూన్ 16.

అరుణజ్యోతి గారికి,
నమస్కారం.

రెండో కాపీ అందింది. అందులోనూ అదే పేజీ లేదు. ఒక కాపీలో పోతే పొరపాటు అనుకోవచ్చు. రెండిట్లోనూ అదే పేజీ పోయిందంటే తప్పు ప్రెస్సుదే. వాళ్లను కాస్త గట్టిగా అడగండి.

నాకు ఇక్కడ కుదురు లేదండీ. చెక్‌పోస్టు సిగ్నల్ దగ్గర ఆగినా ఆ అన్నే గుర్తొస్తున్నాడు. ఆగలేక నిన్న ఆఫీసులో మా కథ పక్కన పెట్టించి ఈ కథ చెప్పాను. అన్న లోపలికి వెళ్తే విందులో పాట పెట్టుకోవచ్చు అన్నారు నిర్మాత వరప్రసాద్ గారు. వెళ్లకపోతే ఫైటు అన్నారు అరవింద్ గారు. వాళ్లిద్దరూ మధ్యాహ్నం దాకా వాదించుకున్నారు. డైరెక్టరు గారి డ్రైవరు నర్సింగ్ తలుపు దగ్గర నిలబడి అంతా విని, చివరికి ఒక మాట అన్నాడు. "పోవద్దనుకున్నోడైతే మల్ల పొలానికే పోతుండె సార్. గాడ నిలబడ్డడంటే లోపలికి పోవాల్నని ఉన్నట్టే." ఇంత మాట మాలో ఎవరికీ తట్టలేదు. ఈ లెక్కన మీ జవాబుల కాగితం తప్పేమో, ఒకసారి చూడండి.

ఆ పేజీ మీ దగ్గరా లేకపోతే మొహమాటపడకండి. క్లైమాక్స్ ఇక్కడ మేమే నలుగురం కూర్చుని రాసి పంపిస్తాం.

భవదీయుడు,
విహారి.

తా.క.: రెండో పాఠం కూడా పంపండి. డైరెక్టరు గారు చెప్పిన పది రోజులు అయిపోయాయి. ఆయన గుర్తు చేయలేదు, నేనూ చేయలేదు.


వెంగళరావు నగర్,
జూన్ 27.

ప్రభువునందు విహారి గారికి,
వందనములు.

("ప్రియులైన" అన్న మాట ఈసారి కమిటీ వారు కొట్టివేయించారు.)

మీ ఉత్తరము కమిటీ ముందు చదవడమైనది. జూబ్లీహిల్స్‌లోని ఒక సినిమా కంపెనీ లూకా సువార్తకు కొత్త ముగింపు రాయిస్తున్నదని, అందులో పాట, ఫైటు ఉండునని అధ్యక్షులకు అర్థమైనది. ఆయనకు మంచినీళ్లు ఇవ్వవలసి వచ్చినది. అటువంటి ప్రయత్నమునకు మేము ఎంతమాత్రము అనుమతి ఇవ్వము.

ప్రెస్సు తిరుమలేశ్ గారు స్వయంగా వచ్చి కూర్చున్నారు. "ఇరవై ఏండ్ల సంది కొడుతున్న. నా ప్రెస్సుల కాయితం పోయిందన్నది ఎవలు? జర ఆయన్ని గీడికి పిలువుండ్రి" అన్నారు. విద్యార్థులు రాకూడదన్న నియమము మిమ్మల్ని కాపాడినది.

ఆయన తృప్తి కొరకు గదిలో ఉన్న నాలుగు వందల పద్దెనిమిది ప్రతులూ నేనే తెరిచి చూశాను. రెండు రోజులు పట్టింది. అన్నిటిలోనూ అన్న బయటే ఉన్నాడు. కాబట్టి పేజీ పోలేదు. కథ అక్కడితో అయిపోయినది. మా జవాబులో మార్పు లేదు. నర్సింగ్ గారు మా విద్యార్థి కారు.

ఇట్లు ప్రభువు సేవలో,
అరుణజ్యోతి.

తా.క.: ఇంత గట్టిగా రాయడానికి కారణం ఉంది. సినిమా వాళ్లతో మా ఇంటికి ఇదివరకే ఒక అనుభవం అయింది. మా నాన్నగారి రెండో కూతురు ఇంట్లో చెప్పకుండా మీ ఫిల్మ్ నగర్‌కే పోయింది. రెండో పాఠం పంపుతున్నాను. నెమ్మదిగా చదవండి.


మధురానగర్,
జూలై 6.

అరుణజ్యోతి గారికి,
నమస్కారం.

ముందుగా మీకు, తిరుమలేశ్ గారికి, మంచినీళ్లు తాగిన అధ్యక్షుల వారికి నా క్షమాపణలు. సువార్తకు క్లైమాక్స్ ఎవరూ రాయడం లేదు. పైగా మా సినిమాలో పాస్టరు గారబ్బాయే ఎగిరిపోయాడు. ఆ స్థానంలో జిమ్ ట్రైనర్ వచ్చాడు. కాబట్టి నాకు ఇక మీ పాఠాలతో పని లేదు. ఆ ముక్క రాసి సెలవు తీసుకుందామనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

తీసుకోలేకపోతున్నాను. జిమ్ ట్రైనర్ డైలాగులూ మీ పాఠాలూ ఒకే సంచిలో పెట్టుకుని తిరుగుతున్నాను. మొన్న డైరెక్టరు గారు డైలాగు చదవమంటే చేతికి తగిలిన కాగితం తీసి చదివాను. "బాగుంది గానీ ట్రైనర్ ఇంత బాధపడడయ్యా" అన్నారు. చూస్తే అది మీ రెండో పాఠం. నిజం చెబుతున్నాను, నాకు ఇది చదవడం ఇష్టమైపోయింది. పన్నెండేళ్లుగా ఏ పుస్తకం చదివినా సీను దొరుకుతుందేమోనని వెతుక్కుంటూనే చదివాను. దీన్ని ఊరికే చదువుతున్నాను. చదివిందే మళ్లీ చదువుతున్నాను.

డైలాగు రాసేవాణ్ణి కాబట్టి నాకు కనిపించినవి రెండు చెబుతాను. తండ్రి ఇద్దరి కోసమూ ఇల్లు వదిలి బయటికి వచ్చాడు. చిన్నవాడి కోసం పరుగెత్తాడు, పెద్దవాడి కోసం నిలబడి బతిమాలాడు. రెండోది, ఆ పెద్దవాడు అంత కోపంలో కూడా "తమ్ముడు" అన్న మాట అనడు. "నీ కొడుకు" అంటాడు. తండ్రి కోప్పడకుండా ఆ మాట దిద్ది, "నీ తమ్ముడు" అని తిప్పి ఇస్తాడు. ఆ ఒక్క మాటకు నేను ఆ పూట ఆఫీసుకు పోలేదు.

పేజీ పోలేదని ఒప్పుకుంటాను. మరి లూకా గారే రాయని జవాబు మీ కాగితంలోకి ఎలా వచ్చింది? అది ఎవరు రాశారు? వాళ్లు అక్కడ ఉండి చూశారా?

భవదీయుడు,
విహారి.

తా.క.: యోనా గ్రంథం కూడా చదివాను. అక్కడా ఒకాయన, దేవుడు ఊరిని క్షమించాడని అలిగి ఊరి బయట కూర్చున్నాడు. దేవుడు ఒక ప్రశ్న అడిగాడు, పుస్తకం అయిపోయింది. యోనా ఏమన్నాడు? మీ జవాబుల కాగితంలో ఏముంది? మూడో పాఠం పంపండి.


వెంగళరావు నగర్,
జూలై 22.

విహారి గారికి,
వందనాలు.

ఆలస్యానికి మన్నించండి. మీ ఉత్తరం వచ్చాక నాకూ కుదురు పోయింది. కూరగాయల బండి దగ్గర నిలబడి ఏం కొనాలో మరిచిపోయి తిరిగొచ్చాను.

ఆ జవాబుల కాగితం రాసింది నేనే, పంతొమ్మిదేళ్ల కిందట. మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను, నేను అక్కడ ఉండి చూశాను కూడా. ఫిల్మ్ నగర్‌కు పోయిన ఆ పిల్ల రెండేళ్లు ఒక్క ఉత్తరం ముక్క రాయలేదు. ఆ రెండేళ్లూ నాన్నగారి మందులూ, మంచం పక్కన కూర్చోవడమూ అన్నీ నావే. ఒకరోజు అది చిన్న సంచితో తిరిగొచ్చింది. నాన్నగారు వీధంతా పిలిచి బిర్యానీ పెట్టించారు. నేను పనిచేసే స్కూలు నుంచి ఆటోలో వచ్చి గేటు దగ్గర ఆ వాసన చూసి దిగలేదు. నాన్నగారు చెప్పులు కూడా లేకుండా వచ్చి, ఆటో కడ్డీ పట్టుకుని బతిమాలారు. "పోనివ్వు బాబూ" అన్నాను ఆటో అతనితో. ఆ మరుసటి వారమే కమిటీ నన్ను జవాబుల కాగితం తయారు చేయమంది. ఏడో ప్రశ్న దగ్గర నా కలం ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఆ జవాబు లూకాది కాదు, నాది.

మీ ఉత్తరం చదివాక జవాబుల కాగితం బీరువాలో పెట్టేసి, పుస్తకం ఒక్కటే ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఇన్నేళ్లలో అలా చదవడం అదే మొదటిసారి. దిద్దడానికే తెరిచేదాన్ని, చదవడానికి కాదు. నాలుగుసార్లు చదివాను. నాలుగోసారికి ఆ గుమ్మం మాది అయిపోయింది. "నాన్నగారి రెండో కూతురు" అని మీకు నేను రాసిన మాట కూడా గుర్తొచ్చింది.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక ఫిల్మ్ నగర్ వెళ్లాను. మీకు కరపత్రం ఇచ్చిన లీల గారు మా చెల్లెలు లీలాకుమారే, తర్వాత మళ్లీ అక్కడికే వెళ్లి స్థిరపడింది. తలుపు దగ్గర చాలాసేపు నిలబడ్డాను. చివరికి లీలే తలుపు తీసి, "బయట ఎండగా ఉందక్కా" అంది. లోపలికి వెళ్లాను.

భోజనాలయ్యాక పెట్టెలోంచి ఒక పాత కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. మా పాఠశాల జవాబు పత్రమే. నంబరు 640. ఏడో ప్రశ్నకు దాని జవాబు: "వెళ్లే ఉంటాడు, ఆలస్యంగానైనా." దాని మీద ఎర్ర సిరాతో నా సున్నా. పక్కన నా చేతిరాతే, "ఊహలు రాయరాదు" అని. పేరు చూడకుండా దిద్దుతామని మీకు గొప్పగా రాశాను కదా. ఇద్దరం ఆ కాగితం పట్టుకుని ఏడ్చాం, తర్వాత నవ్వాం. అప్పటి నుంచి లీల డబ్బింగ్ థియేటర్లో కనిపించిన ప్రతివాడికీ మా కరపత్రం ఇస్తూనే ఉందట, ఎవడో ఒకడు ఏడో ప్రశ్న మీద మాతో గొడవ పడకపోతాడా అని. అందరూ ఏదో ఒకటి రాసేసి సర్టిఫికెట్టు పట్టుకుపోయారు. మీరొక్కరే పేజీ అడిగారు.

కమిటీకి చెప్పి ఏడో ప్రశ్న జవాబు కొట్టేయించాను. ఆ చోట ఖాళీ వదిలాం. 640కి, 2217కి ఒక్కో మార్కు కలిపాను. వచ్చే ఆదివారం మధ్యాహ్నం లీల ఇంటికి భోజనానికి రండి, నర్సింగ్ గారిని కూడా తీసుకురండి. మూడో పాఠం అక్కడే ఇస్తాను. ఎదురుపడకూడదన్న నియమం ఆ ఒక్క పూటకు పక్కన పెడదాం.

ఇట్లు,
అరుణ.

తా.క.: కూరలో ఉప్పు ఎక్కువైంది. పంతొమ్మిదేళ్ల తర్వాత మొదటి భోజనం కదా అని నేను అనలేదు. మీరూ అనకండి.

మరొక తా.క.: యోనా పాఠం జవాబుల కాగితంలో "ఏమీ అనలేదు" అని ఉంది. అది రాసింది మా అధ్యక్షులు. ఆయనకు ఒక బావమరిది ఉన్నాడు. మీరు ఆయనకు అప్పుడే ఉత్తరం రాయకండి, ముందు నన్ను మంచినీళ్లు సిద్ధం చేసుకోనివ్వండి.