బావ చేతిలో చివరి కార్డు

బావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున సంవత్సరీకం ముగిసి, బంధువులంతా భోంచేసి వెళ్లాక, నీ కూతురు సింధు మృగాల బొమ్మలుండే మన ఆటకార్డుల డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. "ఆడదామా మామా?" అంది.

నీ కాలంలో లాగే ప్రాణాల లెక్కకు చెరి ఇరవై చింతపిక్కలు పెట్టుకున్నాం.

మన ఆటలో దాడికి పంపిన మృగాన్ని అడ్డంగా పడుకోబెట్టాలి కదా, ఇక అది కాపలా కాయలేదు. అందుకే నువ్వు నీ డ్రాగన్‌ను ఆఖరి దెబ్బ కొట్టేదాకా నిలువుగానే ఉంచేవాడివి. చేతిలో ఒక్క కార్డు మిగుల్చుకుని, నేను దాడికి సిద్ధమైతే దాని అంచును బొటనవేలితో నిమిరేవాడివి. "రాప్పా, ఈడ నీకోసమే ఒకటి ఉండాది" అనేవాడివి. అది నా మృగాన్ని చంపే బాణం కార్డేమోనని వెనక్కి తగ్గేవాణ్ణి. కల్లూరులో మన అంగట్లో బేరాల్లేని మధ్యాహ్నాలన్నీ అలాగే ఓడాను.

సింధు కూడా అలాగే నిమిరింది. నేను తగ్గాను, ఓడాను. అప్పుడు ఆ కార్డు తిప్పి చూపించింది. ఆట చివర్లో ఎందుకూ అక్కరకు రాని ఉత్త కొండబొమ్మ.

"నాయన చేతిలో ఎప్పుడూ ఇదే మామా. నీకు చెప్పొద్దంటాండె."

శానాసేపు నవ్వుకున్నాం. నవ్వుతుండగానే కర్నూలు ఆసుపత్రిలో నీ ఆఖరి రోజు గుర్తొచ్చింది. మంచం పక్కన నేను కూర్చుని ఉంటే, దుప్పటి అంచును బొటనవేలితో నిమురుతూ నువ్వన్నావు: "మందు పని చేస్తాండాదప్పా. నువ్వు పోయి అంగడి చూసుకో."

నేను నమ్మి, అంగడి తెరవడానికి వెళ్లాను.