పెద్దిరాజు మళ్ళీ కోర్టుకెక్కాడు

బాపట్ల,
ఫిబ్రవరి 2

తెనాలి కబడ్డీ పోటీల కార్యదర్శి చలపతిరావు గారికి, రిటైర్డు డ్రిల్లు మాస్టారు, కబడ్డీ రిఫరీ వెంకట్రామయ్య నమస్కరించి రాయునది.

ఫోన్ చెయ్యొచ్చు. కానీ ఫోన్లో తిడితే పెట్టేస్తారు. ఉత్తరమైతే చివరిదాకా చదివి తీరాలి.

నిన్న బాపట్ల బస్టాండులో మీ పోస్టరు చూశాను. పెనుమూడి పెద్దిరాజు బొమ్మ నిలువెత్తున వేయించి, కింద "రిఫరీ పళ్ళు రాలగొట్టిన పులి! జైలు నుంచి తిన్నగా తెనాలికి!" అని రాయించారు. ఏంటండీ ఇది? సిగ్గనేది ఉందా? ఆ రాలిన పళ్ళు నావి! నాలుగేళ్ళ క్రితం లీగు మ్యాచిలో, ఊళ్ళన్నీ టీవీల్లో చూస్తుండగా, గీత తొక్కావన్నందుకు వాడు నా మూతి మీద గుద్దాడు. కేసయింది. ఏడాది జైలు పడింది. లీగువాళ్ళు రెండేళ్ళు ఆడనివ్వలేదు. ఇదంతా మీకు టిక్కెట్లు అమ్ముకోడానికి పనికొచ్చిందా? వెంటనే తీసెయ్యండి. లేకపోతే నేనే తెనాలి వస్తాను.

ఇట్లు, మండిపడుతూ,
వెంకట్రామయ్య

తా.క. నావి రాలినవి రెండు పళ్ళే. పోస్టరులో నాలుగు గీయించారు.

---

తెనాలి,
ఫిబ్రవరి 5

పూజ్యులు వెంకట్రామయ్య మాస్టారికి చలపతిరావు నమస్కారాలండి.

మీ ఉత్తరం అందగానే కమిటీ కూర్చుందండి. మీ బాధ న్యాయమైనది. మీరు తీసెయ్యమన్నారు, తీసేశాం. రేపల్లె జట్టులోంచి పెద్దిరాజు పేరు కొట్టేశాం. "జైలుకెళ్ళొచ్చినవాణ్ణి ఆడిస్తే పిల్లలకేం నేర్పుతామయ్యా" అని మా అధ్యక్షులు సుందరయ్య గారు బల్ల గుద్ది మరీ అన్నారు. పోస్టరు మీద ఆ మాటలు రాయించింది కూడా ఆయనేనండి. అయినా మనసు మార్చుకున్నారు. పెద్దమనిషి.

ఇట్లు,
మీ చలపతిరావు

తా.క. పోస్టర్లు మాత్రం ఉంచామండి. అవి చూసి జనం వస్తారు. వచ్చాక ఎలాగూ వెనక్కి పోరు కదండి.

---

బాపట్ల,
ఫిబ్రవరి 7

చలపతిరావు గారికి,

నేను తీసెయ్యమన్నది పోస్టర్నండీ, మనిషిని కాదు! మీరు మనిషిని తీసేసి పోస్టరు ఉంచారు. మీకు అక్షరాలు నేర్పిన మాస్టారెవరో చెప్పండి, ఆయనకీ ఒక ఉత్తరం రాస్తాను.

వాడు చేసింది తప్పు. కాదన్నానా? దెబ్బ తిన్నవాణ్ణి నేను! జడ్జిగారు ఏడాది అన్నారు, వెళ్ళాడు. లీగు రెండేళ్ళంది, ఆగాడు. ఇప్పుడు మీరు బల్ల గుద్ది మూడో శిక్ష వేస్తారా? శిక్షకి చివరనేది ఉంటుందా ఉండదా, సుందరయ్య గారినే అడగండి. ఆ కోర్టులో శిక్ష పడినవాడు ఈ కోర్టులో కాలు పెట్టకూడదని ఏ రూల్లో ఉందండీ? నలభయ్యేళ్ళుగా రూల్సు పుస్తకం మోస్తున్నాను, నాకెక్కడా కనపడలా.

వాడు పెనుమూడి రేవులో వాళ్ళ నాన్న పడవ మీద చేపలు పడుతూ, పొద్దున్నే ఇసకలో కూత సాధన చేస్తున్నాడట. పేరు కొట్టేశారని చెబితే "సరేలెండి" అని వల సర్దుకున్నాడట. వాడు సరేనన్నా నాకు అన్నం సయించట్లేదు.

వాణ్ణి చేర్చుకోండి. ఆ మ్యాచికి విజిల్ నేనే వేస్తాను. వాడి సంగతి నేను చూసుకుంటాను.

ఇట్లు, ఇంకా మండిపడుతూ,
వెంకట్రామయ్య

తా.క. "పూజ్యులు" అని రాయకండి. పూజ చేసే ఓపికుంటే ఉత్తరం రెండుసార్లు చదవండి.

---

తెనాలి,
ఫిబ్రవరి 10

మాస్టారికి నమస్కారాలండి.

ఈసారి రెండుసార్లు చదివాం. సుందరయ్య గారు మూడుసార్లు. పెద్దిరాజు పేరు చేర్చాం. విజిల్ మీకే.

కానీ "వాడి సంగతి నేను చూసుకుంటాను" అన్నారు చూడండి, ఆ ఒక్క మాటకి కమిటీ అంతా హడలిపోయిందండి. పగ తీర్చుకోడానికే వస్తున్నారని అందరి అనుమానం. అందుకని ఇద్దరు కానిస్టేబుళ్ళని మాట్లాడాం. మ్యాచికి ముందు స్టేజీ మీద పెద్దిరాజు మీ కాళ్ళ మీద పడతాడు. మీరు లేవనెత్తి కౌగిలించుకుంటారు. కేబుల్ టీవీవాళ్ళు వస్తున్నారు. కన్నీళ్ళు మీ ఇష్టమండి, బలవంతం లేదు.

ఇట్లు,
మీ చలపతిరావు

తా.క. కానిస్టేబుళ్ళలో ఒకరు అతన్ని పట్టుకోడానికి. ఇంకొకరు మిమ్మల్ని.

---

బాపట్ల,
ఫిబ్రవరి 12

చలపతిరావు గారికి,

కాళ్ళూ లేవు, కౌగిలీ లేదు! ఒకడి సిగ్గుని మైకు పెట్టి చూపిస్తారా? "సంగతి చూసుకోవడం" అంటే న్యాయంగా విజిల్ వెయ్యడం. తెనాలిలో ఆ మాటకి ఇంకేమన్నా అర్థం ఉందా? పదహారున వస్తున్నాను.

ఇట్లు, మంట ఆరకుండానే,
వెంకట్రామయ్య

తా.క. కానిస్టేబుళ్ళకి కుర్చీలు వేయించండి. పాపం, పనేమీ ఉండదు.

---

తెనాలి,
ఫిబ్రవరి 18

మాస్టారికి నమస్కారాలండి.

మొన్న స్టేజీ మీద మా గుండెలు ఆగినంత పనైందండి. చివరి నిమిషం, రేపల్లెకి ఒక్క పాయింటు చాలు, పెద్దిరాజు కూతకెళ్ళాడు. ఇద్దర్ని తాకి తిరుగుతుండగా మీరు విజిలేసి "గీత తొక్కావు, అవుట్" అన్నారు. సరిగ్గా అప్పటి గొడవే! జనం లేచి నిలబడ్డారు. కానిస్టేబుళ్ళు పరుగెత్తారు. అతను తిన్నగా మీ మొహం ముందుకొచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని ఏదో అడిగాడు. మీరేదో అన్నారు. వెళ్ళి కూర్చున్నాడు! రేపల్లె ఓడిపోయింది.

భలే బుద్ధి చెప్పారని మీకు సన్మానం తీర్మానించామండి. కానీ మ్యాచయ్యాక షామియానా వెనక మీరిద్దరూ గంటసేపు ఏం మాట్లాడుకున్నారు? మీరు కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

ఇట్లు,
మీ చలపతిరావు

తా.క. అప్పటికి కేబుల్ టీవీవాళ్ళు భోజనాలకెళ్ళారండి. మా ఖర్మ.

---

బాపట్ల,
ఫిబ్రవరి 24

చలపతిరావు గారికి,

సన్మానమా? నాకా? ముందిది చదవండి.

వాడు అడిగింది ఒక్కటే. "ఏ కాలండి మాస్టారూ?" "ఎడమ మడమ" అన్నాను. "అవునండి" అని వెళ్ళి కూర్చున్నాడు. నా తీర్పు సరైనదే.

నాలుగేళ్ళ క్రితంది సరైనది కాదు. ఆస్పత్రిలో మూతికి కట్టుతో పడుకుని సెల్లులో వీడియో చూశాను. వాడి కాలు గీతకి జానెడు ఇవతలే ఉంది. సాక్ష్యానికి పిలిచి "కొట్టాడా?" అన్నారు. "కొట్టాడు" అన్నాను. అందరూ ఆ గుద్దే చూశారు గానీ, గీత తొక్కాడా అని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. నలభయ్యేళ్ళు సంపాదించుకున్న పేరండీ, పోతుందని దాచుకున్నాను.

షామియానా వెనక వాడికి చెప్పాను. నవ్వాడు.

"నా కాలు ఎక్కడుందో నాకు తెలీదాండి?"

"మరి కోర్టులో ఎందుకు చెప్పలేదురా?"

"చెబితే మాత్రం, కొట్టడం న్యాయమైపోద్దా మాస్టారూ?"

ఒక్క తిట్టన్నా తిట్టరా అని బతిమాలాను. తిట్టలేదు. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

కాబట్టి ఆ శాలువా సుందరయ్య గారికి కప్పండి. తప్పు తీర్పిచ్చి దాచుకున్న రిఫరీకి ఏం శిక్షో మీ రూల్సులో వెతకండి. లేకపోతే కొత్తగా రాయండి. ఈ ఉత్తరం నకలు లీగువాళ్ళకీ పంపాను. నేనిక విజిల్ ముట్టను.

ఇట్లు, ఈసారి నా మీదే మండిపడుతూ,
వెంకట్రామయ్య

తా.క. వచ్చే నెల రేపల్లె పోటీలకి నన్నే విజిల్ వెయ్యమంటున్నాడు పెద్దిరాజు. "శిక్ష అయిపోయాక రావచ్చు కదండి" అంటాడు. సరే, నాకెన్నాళ్ళు వేస్తావో నువ్వే చెప్పు అన్నాను. వారమైంది. ఇంకా ఆలోచిస్తున్నాడు, వెధవ!