మన డాబా మీద ఎండ

తమ్ముడు సుభానీకి అక్క సైదమ్మ దీవెనలు. అమ్మకు సలాం. అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? మరదలు రజియా, పిల్లలు బాగున్నారు కదా. హైదరాబాదులో నేను బాగానే ఉన్నాను. ఫోనులో అయితే నువ్వు మధ్యలో అడ్డుపడతావు, నాకు కోపం వచ్చి పెట్టేస్తాను. అందుకే రాస్తున్నాను. చివరిదాకా చదువు.

హాస్టల్లో వంట పని అలవాటైంది. ఆడపిల్లలు ఆంటీ ఆంటీ అంటూ తిరుగుతారు గానీ, నా కూర తిని కళ్లనీళ్లు పెట్టుకుంటారు. చిటికెడు కారం వేసి దాన్ని కూర అనడం నా వల్ల కావడం లేదు. ఎండలు మన గుంటూరులాగే మండిపోతున్నాయి. మధ్యాహ్నం పనయ్యాక పలకరించే మనిషి ఉండదు, ఏడుపొస్తుంది. అయినా బాగానే ఉన్నాను, అమ్మను బెంగపెట్టుకోవద్దను.

సోలారు సబ్సిడీ డెబ్బై ఎనిమిది వేలూ బ్యాంకులో పడ్డాయనీ, కరెంటు బిల్లు సున్నా వచ్చిందనీ మొన్న సంబరంగా చెప్పావు. "ఇంకేం కావాలక్కా, వచ్చెయ్" అన్నావు. సంతోషమే. ముందు అప్పు చేసి కట్టావు, తర్వాత ప్రభుత్వం ఇచ్చింది. ప్రభుత్వం మీద నాకేం కోపం లేదు. వాళ్లు సోలారు పలకలకి డబ్బిచ్చారు. డాబా మీద నా చాపలు తీసెయ్యమన్నది నువ్వు.

మీ బావ పోయి నేను పుట్టింటికి వచ్చినప్పటి నుంచి ఆ డాబాయే నా పొలం. మిరపకాయలకు గాటు పెట్టి, ఉప్పు మజ్జిగలో ఊరేసి, పగలంతా చాపల మీద ఎండబెట్టి, సాయంత్రం మళ్లీ మజ్జిగలో వేసేదాన్ని. ఎండాకాలం రాకముందే బ్రాడీపేట కొట్లవాళ్లు "సైదమ్మా, ఊరమిరపకాయలు ఈ ఏడు మాకే ముందు" అనేవాళ్లు. నీ పిల్లల స్కూలు ఫీజులు ఆ డబ్బుతోనే కట్టావు. మర్చిపోయినట్టున్నావు.

పలకలు బిగించే అతను నీకు చెప్పనే చెప్పాడు. "ఎత్తు స్టాండ్లు వేసి మెట్లగది మీదకి జరిపితే సగం డాబా ఖాళీగా ఉంటదండి. కాకపోతే స్టాండ్లకి సబ్సిడీ రాదు, ఖర్చు మీదే." నేను పక్కనే ఉన్నాను. నా వైపు చూడకుండానే "అక్కర్లేదు, కిందకే బిగించెయ్" అన్నావు.

మిగిలిన మూలన చాప వేసుకుంటే, "నీ కాయల దుమ్ము పడితే కరెంటు తగ్గుద్దంటక్కా, తీసెయ్" అన్నావు. రజియా పలకలు కడిగిన నీళ్లు కాయల్లోకి పారి బూజు పట్టాయి. వాటిని పారబోసిన రోజే ఇల్లు విడవాలనుకున్నాను. నువ్వేమో అక్క జీతం కోసం వెళ్లిందని ఊరంతా చెబుతున్నావట.

ఈ హాస్టలు మీద కూడా పలకలున్నాయి. ఓ మూల కాస్త చోటిస్తారా అని ఓనరమ్మను భయపడుతూనే అడిగాను. "దానికంత అడగాలా? ఆ పక్కంతా ఖాళీయేగా, ఆరబెట్టుకోమ్మా" అంది. మెట్ల మీదే కూర్చుని ఏడ్చేశాను. ఆ మాట నా తమ్ముడు అంటాడని ఎంత ఎదురుచూశానో నీకు తెలియదు.

రేపటి నుంచి కాయలు ఊరేస్తున్నాను. ఆరాక అమ్మకు ఒక డబ్బా పంపుతాను, పప్పులోకి నంజుకోమను. నాకోసం దువా చేయమను. పెద్దమ్మకు, వీధిలో అందరికీ నా సలాం చెప్పు.

అటక మీద నా ఈతచాపలున్నాయి. అన్నీ కట్టకట్టి బస్సు పార్సిల్లో వేయించు. ఒక్కటి కూడా ఉంచకు. ఇక వాటితో అక్కడ పని లేదు.

ఉంటాను,
నీ అక్క
సైదమ్మ