సోమ, బుధ, శుక్ర

జులై 7, సోమవారం

నా మొదటి ప్యాచ్, అంటే కోడ్‌కు నేను చేసి పంపిన సవరణ, తిరిగొచ్చింది. జవాబు ఇంగ్లీషులో రెండు ముక్కలే. నో. టూ క్లెవర్. అన్నీ చిన్న అక్షరాలు. పలకరింపు లేదు, థాంక్స్ లేదు. ఎన్నో రోజులు కూర్చుని రాసిన కోడ్. లైబ్రరీ బాత్రూంలో ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చాను.

ఈ సాఫ్ట్‌వేర్ పేరు వంతు. డయాలసిస్ సెంటర్లో ఏ కుర్చీలో ఎవరు, ఏ రోజు కూర్చోవాలో ఇది చూసుకుంటుంది. దీన్ని ఎవరూ అమ్మరు, ఎవరూ కొనరు. కోడ్ అందరికీ కనిపిస్తుంది, ఎవరైనా సరిచేసి పంపవచ్చు. నైరోబీ నుంచి ఒక నర్సు, పోఖరా నుంచి ఒక ఇంజనీరు పంపుతుంటారు. చివరి మాట మాత్రం ఆర్కే అనే మనిషిది. ఆయన ఎవరో ఎవరికీ తెలియదు. వాడుతున్న సెంటర్లలో తార్నాక పేరు కనిపించిందని ఎంసీఏ ప్రాజెక్టుకు నేను దీన్ని ఎంచుకున్నాను. క్యాంపస్ నుంచి నడిచి వెళ్ళేంత దూరం.

వాడెవడో బాగ పొగరుగల్లోడే, పెద్దక్షరం గూడ నీకు దండుగ అనుకుంటుండు అన్నది రూమ్మేట్ రజిని.

జులై 11, శుక్రవారం

మళ్ళీ పంపాను. బెటర్. టెస్ట్? అని వచ్చింది. కోడ్ సరిగా నడుస్తోందో లేదో చూసే టెస్ట్ కూడా రాయాలన్నమాట.

ఒకటి గమనించాను. ఆర్కే సోమ, బుధ, శుక్రవారాల్లోనే జవాబిస్తాడు. అదీ పొద్దుటిపూట మాత్రమే. పార్ట్‌టైం పొగరు అన్నది రజిని.

జులై 16, బుధవారం

నా కోడ్ మెర్జ్ అయింది, వంతులో కలిసిపోయింది! గుడ్ అన్నాడు.

బాపుకు ఫోన్ చేశాను. ఎంతిస్తరు బిడ్డా అన్నాడు. ఏమీ ఇవ్వరన్నాను. ఉత్తగనేనా, మరి ఎవలకు చేస్తున్నవు అన్నాడు. కిడ్నీలు పాడైనవాళ్ళకని చెప్పాను. గట్లయితే మంచిగ చెయ్యి, సగం సగం చెయ్యకు అన్నాడు. మా ఇంట్లో వేలిముద్ర కాకుండా సంతకం పెట్టేది నేనొక్కదాన్నే. నేనేం చేసినా బాపు దాన్ని ప్రభుత్వోద్యోగం అంత జాగ్రత్తగా వింటాడు.

జులై 25, శుక్రవారం

ప్రాజెక్టు రిపోర్టుకు ఫొటోలు కావాలని సార్ అంటే తార్నాక సెంటర్‌కు వెళ్ళాను. ఒక ట్రస్టు నడుపుతోంది, ఉచితం. గుమ్మం దగ్గర నేలమీద ఒక ముసలామె కూర్చుని ఉంది. కాళ్ళు వాచి ఉన్నాయి. పేరు రాములవ్వ, అంబర్‌పేట్ నుంచి వస్తుంది. వెయిటింగ్ లిస్టులో ఉంది. ఊపిరాడనప్పుడు పెద్దాసుపత్రికి ఎత్తుకుపోయి ఒకసారి చేయించుకొస్తారట, మళ్ళీ ఇక్కడికే వచ్చి కూర్చుంటుందట.

అవ్వా, కుర్చీ ఖాళీ కావాలంటే ఒకలు పోవాలె, ఎవల్ని పొమ్మనాలె నేను అన్నాడు టెక్నీషియన్ నాగేష్. నేనే పోతగని తియ్యి, నీకు గీ బాధ తప్పుతది అని ఆమె నవ్వింది.

లోపల కిటికీ పక్క కుర్చీలో నలభై ఏళ్ళ మనిషి. ఎడమచేయి చాచి ఉంది, దానికి సూదులు, రక్తంతో గొట్టాలు. ఆ చేయి కదపకూడదు. కుడిచేతి ఒక్క వేలితో లాప్‌టాప్ కొడుతున్నాడు. స్క్రీన్ మీద నా కోడ్. అది నేను రాసిందే అన్నాను.

నువ్వేనా నవనీత అంటే, అన్నాడు. ఒంటిచేతితోని కొట్టేటోనికి పెద్దక్షరాల షిఫ్ట్ కీ ఏడ అందుతది పిల్లా అన్నాడు. ఆర్కే ఈయనే, పేరు రత్నాకర్. ఇల్లు లాలాపేట్. ఒంట్లో నీరసంతో ఉద్యోగం పోయింది. మెషీన్ మీద కూర్చున్న నాలుగు గంటలే ఆయనకు పని చేసేంత ఓపిక ఉండేది, అవే ఈ పనికి ఇస్తున్నాడు. సార్ అని పిలిచాను. సార్ అంటే నీ ప్యాచ్‌లన్నీ వాపస్ పంపుతా, అన్నా అను అన్నాడు.

నాగేష్, ఆయనకు తోడొచ్చిన సొంతక్క శ్యామలాంబ అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఆగస్టు 6, బుధవారం

వంతుకు పనిచేసేవాళ్ళందరం రాసుకునే థ్రెడ్‌లో నైరోబీ నర్సు పెద్ద గొడవ లేవదీసింది. రావడం మానేసినవాళ్ళ పేరు మీద కుర్చీలు అలాగే ఉండిపోతున్నాయట. వాటిలో స్టాఫ్ తమకు తెలిసినవాళ్ళను కూర్చోబెడుతున్నారట. లైన్లో ఉన్నవాళ్ళు లైన్లోనే చనిపోతున్నారట.

అందరూ కలిసి ఒక నియమం అనుకున్నారు. వరుసగా రెండు వారాలు రాకపోతే, కారణం ఏదైనా, కుర్చీ లైన్లో ముందున్నవాళ్ళకు పోతుంది. రానివాళ్ళు తిరిగొస్తే లైన్ చివర చేరాలి. రాయమని ఆర్కే నాకే చెప్పాడు.

ఆగస్టు 13, బుధవారం

రాశాను. అందులో ఒక బటన్ కూడా పెట్టాను. టెక్నీషియన్ అది నొక్కితే రెండు వారాలు దాటినా ఆ పేషెంటు కుర్చీ వేరేవాళ్ళకు పోకుండా ఆగుతుంది. జవాబు: నో బటన్.

కోపమొచ్చి సెంటర్‌కే వెళ్ళాను. మనిషన్నాక జబ్బుపడి ఎక్కడో అడ్మిట్ కావచ్చు కదన్నా అన్నాను. కావచ్చు అన్నాడు. అడ్మిట్ అయినన్ని రోజులు ఆడనే డయాలసిస్ చేస్తరు, తర్వాత లైన్ల నిలబడతడు అన్నాడు. నిలబడి చనిపోతే అన్నాను. ఇప్పుడు నిలబడ్డోళ్ళు ఏం చేస్తున్నరు అన్నాడు.

తర్వాత గొంతు తగ్గించాడు. నేను గీ కుర్చీల ఎట్ల కూసున్ననో ఎరుకనా, మా బావ ఒక లీడర్‌తోని ఫోన్ చేయించిండు, గంతే, గా బటన్ ఎవలకోసం నొక్కుతరో నాకు తెల్వదా అన్నాడు. ఆ ఫోన్ వచ్చిన రోజు లైన్లో ముందు ఎవరున్నారని అడగబోయి ఆగిపోయాను.

బటన్ తీసేశాను.

ఆగస్టు 18, సోమవారం

మెర్జ్ అయింది. వంతులో మార్పులు కలిపే అధికారం నాక్కూడా ఇచ్చాడు. ఒక్కనికాడనే తాళంచెవి ఉండొద్దు అన్నాడు. షరతు ఒకటే. ఇంకొకరు చూసి సరే అనకుండా ఎవరి కోడ్‌ను వాళ్ళు కలుపుకోకూడదు.

సెప్టెంబర్ 8, సోమవారం

ఆర్కే నుంచి ఏమీ రాలేదు.

సెప్టెంబర్ 10, బుధవారం

ఈ రోజూ రాలేదు. సాయంత్రం సెంటర్‌కు వెళ్ళాను. సూదులు గుచ్చే చోట చీము పట్టి, అది రక్తంలోకి ఎక్కిందట. ఆదివారం పెద్దాసుపత్రిలో చేర్చారు. డయాలసిస్ అక్కడే చేస్తున్నారు. ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. రాములవ్వ గుమ్మంలోంచి దాన్నే చూస్తోంది. లైన్లో మొదటి పేరు ఆమెదే.

సెప్టెంబర్ 17, బుధవారం

శుక్రవారంతో రెండు వారాలు నిండుతాయి. శ్యామలాంబక్క ఫోన్ చేసింది. వచ్చే వారం పంపిస్తరట బిడ్డా, బయటికొస్తే యాడ చేయించాలె, గా కంప్యూటర్ నీ చేతిలనే ఉన్నదట గదా అని ఏడ్చింది. కోడ్‌ల ఒక్క లైన్ మార్చు నవనీతా, ఎవడు చూస్తడు అన్నాడు నాగేష్.

అందరూ చూస్తారు. అది అట్లాంటి సాఫ్ట్‌వేరే.

కానీ నిజం చెప్పాలంటే నన్ను ఆపుతున్నది అది కాదు. పొద్దున సెంటర్ గుమ్మం దగ్గర రాములవ్వ గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతోంది. పడుకుంటే ఊపిరాడదట.

సెప్టెంబర్ 18, గురువారం

బటన్ మళ్ళీ రాశాను. పాత కోడ్ ఉంది కనుక ఎంతోసేపు పట్టలేదు. పంపాను. చూడవలసినవాళ్ళలో ఆర్కే పేరు దానంతట అదే వచ్చింది. జ్వరంలో ఉన్న మనిషి ఏం చూస్తాడులే అనుకుని తీసేయలేదు.

సెప్టెంబర్ 19, శుక్రవారం, ఉదయం

పోఖరా ఇంజనీరు చూసి సరే అన్నాడు. ఎందుకని కూడా అడగలేదు. ఇక కలపడమే మిగిలింది. కలిపితే నాగేష్ ఒక్క నొక్కు నొక్కుతాడు, కుర్చీ అన్నకే ఉంటుంది.

సెప్టెంబర్ 19, ఉదయం పదకొండు

ఆర్కే నుంచి వచ్చింది. నో.

అక్కకు ఫోన్ చేశాను. నా ఫోన్ గుంజుకొని ఏందో కొట్టిండు బిడ్డా, నీళ్ళిస్తే గూడ తాగలే అన్నది. ఫోన్‌లో మొదటి అక్షరం దానంతట అదే పెద్దది అవుతుంది. దాన్ని చెరిపి మళ్ళీ చిన్నది కొట్టి పంపాడు. అది తానేనని నాకు తెలియడానికే కావచ్చు.

సెప్టెంబర్ 19, సాయంత్రం

కలపలేదు. ఆయన మాట విన్నానో, నాకు ధైర్యం లేకపోయిందో తెలియడం లేదు. అక్క ఫోన్ మూడుసార్లు మోగింది. ఎత్తలేదు.

సెప్టెంబర్ 24, బుధవారం

హాస్టల్ ముందు బతుకమ్మ ఆడుతున్నారు. రజిని రమ్మన్నది. చప్పట్లు వినిపిస్తుంటే ఇది రాస్తున్నాను.

పొద్దున సెంటర్‌కు వెళ్ళాను. కిటికీ పక్క కుర్చీలో రాములవ్వ. కాళ్ళ వాపు కొంచెం తగ్గింది. గిది ఎవలదో గని మంచి కుర్చీ బిడ్డా, ఎండ మొకం మీదికొస్తున్నది, జర పరదా గుంజు అన్నది.

గుంజాను. ఎవరిదో ఆమెకు చెప్పలేదు. నాగేష్ నా వైపు చూడలేదు.

అక్టోబర్ 6, సోమవారం

అన్న ఇంటికొచ్చాడు. లాలాపేట్ వెళ్ళి చూసొచ్చాను. హబ్సిగూడలో ప్రైవేటుగా వారానికి ఒక్కసారే చేయించుకోగలుగుతున్నాడు. ముఖం ఉబ్బింది. అక్క నాకు మంచినీళ్ళు ఇచ్చి లోపలికి వెళ్ళిపోయింది. లైన్ల నా నంబరెంత పిల్లా అన్నాడు. చివరిది అన్నాను. మంచిది, కోడ్ కరెక్టుగనే నడుస్తున్నది అన్నాడు.

వచ్చేటప్పుడు, ఆ బటన్ కోడ్‌ల టెస్ట్ రాయనే లేదు నువ్వు అన్నాడు.

అక్టోబర్ 15, బుధవారం

కుర్చీలన్నీ పాతవాళ్ళతోనే నిండి ఉన్నాయి. లైన్లో చివరనున్న అన్న పేరు లేదు.